బాక్సు చార్జీ

మార్చి 4, సోమవారం. ఉదయం 7.10

జరిగింది రాస్తేనే ఊపిరాడేలా ఉంది.

శనివారం వీడియో షాపులో సినిమా క్యాసెట్ అద్దెకి తెచ్చాను. బాక్సులో పెట్టి ఇస్తే బాక్సు చార్జీ పడుతుందట. బోర్డు మీద ఆ మాట లేదేం అని అడిగితే, అన్నీ రాస్తే బోర్డు చాలదమ్మాయ్ అన్నాడు షాపతను. ఊరికే ఎక్స్‌ట్రా బాబాయ్ అనరు అతన్ని. నేనూ మొండికేసి క్యాసెట్ ఒట్టిదే తెచ్చాను. దుమ్ము పడకూడదని ఇంట్లో అమ్మ క్యాసెట్ బాక్సులో దాచాను. అమ్మ క్యాసెట్‌ని వీసీఆర్ మీద ఉంచాను.

నిన్న ఆరు దాటితే లేట్ చార్జీ. చేతికందిన ఒట్టి క్యాసెట్‌ని పేపర్లో చుట్టుకుని పరుగెత్తి షాపులో ఇచ్చేశాను.

ఇప్పుడు బాక్సు తెరిస్తే అందులో సినిమా ఉంది.

మధ్యాహ్నం 1.30

లాండ్రీ కౌంటర్‌లో కూర్చుని రాస్తున్నాను. ఇక్కడ జేబురుమాలుకి కూడా నంబరు ట్యాగ్ కుడతాం. అమ్మ క్యాసెట్ మీద ఏ నంబరూ లేదు.

అమ్మ పోయి మూడేళ్ళు. ఆవిడ గొంతు ఇంకెక్కడా లేదు. పిన్ని ఒకరోజు కెమెరా తెచ్చినప్పుడు తీసిన పదకొండు నిమిషాలు, అంతే. నాన్నకి ఇప్పుడు వెలుగూ నీడా తప్ప ఏమీ కనిపించదు. ఆదివారం నాలుగింటికి టీవీ ముందు కూర్చుని వింటారు. ఆన్ అయిందా, అయితే ముందు ఆ చిరుగుల బనీను మార్చుకుని రండి అంటుంది అమ్మ. మార్చుకోనే, ఏం చేస్తావ్ అంటారు నాన్న. ప్రతి వారం అంటారు. అక్కడ నేను నవ్వాలి.

నాన్నకి చెప్పే ధైర్యం నాకు లేదు.

రాత్రి 8

సినిమా తిరిగిచ్చాను. ఒకరోజు లేటు కట్టించుకున్నాడు. రివైండ్ చేయలేదని ఇంకో చార్జీ. కట్టాను. మా క్యాసెట్ అడిగితే, నంబరు లేనివన్నీ వెనక గదిలో బుట్టలో పడేస్తాం, రేపు రా తల్లీ అన్నాడు. తల్లీ అన్నందుకు చార్జీ వేయలేదు.

మార్చి 5, మంగళవారం

బుట్టలో వెతకడానికి సెర్చింగ్ చార్జీ అట! ఎక్కడ రాశారో చూపించమన్నాను. మెంబర్‌షిప్ కార్డు తిప్పి అడుగున చీమ తలకాయంత అక్షరాలు చూపించాడు. నా క్యాసెట్ నాకివ్వడానికి నేనే డబ్బు కట్టాలా అని అరిచాను. క్యూలో అందరూ నావైపే చూశారు. ఒకాయన బాగా అడిగావమ్మా అని మెచ్చుకున్నాడు కూడా. కార్డు కౌంటర్ మీద విసిరికొట్టి వచ్చేశాను.

దారంతా పొగరు. ఇల్లు కనపడగానే భయం.

మార్చి 6, బుధవారం

వెళ్ళలేదు. అతనే దిగొస్తాడు. న్యాయం నా వైపు ఉంది.

మార్చి 7, గురువారం. ఉదయం 11

ఇస్త్రీ అక్కకి చెప్పుకుంటే, ఆమె పెట్టె పక్కన పెట్టి నన్ను ఎగాదిగా చూసింది. ఆ బుట్టలో క్యాసెట్లని గురువారం గురువారం కొత్త సినిమాల కాపీలకి వాడేస్తాడట. ఈరోజే గురువారం. ఎంత అడిగితే అంత వాడి మొహాన కొట్టి రా, పో అంది.

పర్మిషన్ కూడా అడగకుండా పరుగెత్తాను.

మధ్యాహ్నం 12.40

షట్టర్ సగం దించి ఉంది. లోపల మిషన్లు తిరుగుతున్న చప్పుడు. ఒకటి కాదు, చాలా. గుప్పిళ్ళతో బాదాను, బాబాయ్ బాబాయ్ అని పిలిచాను. ఎవరూ పలకలేదు. వంగి చూస్తే చీకట్లో వరుసగా ఎర్ర లైట్లు.

ఎర్ర లైటు వెలుగుతుంటే రికార్డవుతున్నట్టు. ఆరోజు పిన్ని అమ్మకి అదే చెప్పింది.

మార్చి 8, శుక్రవారం

సెర్చింగ్ చార్జీ కట్టాను. క్యాసెట్ దొరికింది. అంచున అమ్మ గోళ్ళరంగు మరక, సందేహం లేదు. ఇవ్వబోయి ఆగి, ఇప్పుడు ఇందులో కొత్త సినిమా ఉంది కదమ్మాయ్, కాపీ చార్జీ అన్నాడు. అతనికి నిజంగానే అర్థం కాలేదు. అదీ కట్టాను.

ఇంటికొచ్చి సౌండ్ లేకుండా పెట్టి చూశాను. రివైండ్ చేయని క్యాసెట్లకు అదనపు చార్జీ అని ముందు షాపు బోర్డు వచ్చింది. తర్వాత సినిమా. చివరిదాకా సినిమానే.

మంగళవారం నోరు మూసుకుని కట్టి ఉంటే అమ్మ ఉండేది.

మార్చి 9, శనివారం

నాన్న రెండుసార్లు అడిగారు, రేపు ఆదివారమే కదా అని.

మార్చి 10, ఆదివారం. సాయంత్రం 5

టీవీ ఆన్ చేశాను. సౌండ్ తీసేశాను. నాన్న వెనక నిలబడి, అమ్మ మాట అమ్మలాగే అన్నాను. ఆన్ అయిందా, అయితే ముందు ఆ చిరుగుల బనీను మార్చుకుని రండి.

నాన్న ఈసారి మార్చుకోనే అనలేదు. లేచారు. గోడ పట్టుకుని లోపలికి వెళ్ళి, బనీను మార్చుకుని వచ్చి కూర్చున్నారు.