వియన్నా కోటు

జూలై 29, 1990
పదహారేళ్లయింది. నేను మరిచిపోలేదు. నాలుగేళ్ల ఖాలిద్ "తాతా, అన్నం పెట్టు" అని మన తెలుగులో అడిగినందుకు వాడి అమ్మ, నేను మామా అని పిలిచే ఈ కువైట్ ఇంటి యజమానురాలు, వాడి చెంప పగలగొట్టింది. నీ వంట నువ్వు చేసుకో, నీ భాష నా కొడుక్కి వద్దు, అంది. ఆ మామానే ఈరోజు వంటింట్లోకి వచ్చింది. చలికాలంలో ఖాలిద్ వియన్నాకు చదువుకోవడానికి పోతాడంట. అక్కడి తిండి తినలేడంట. నువ్వూ వెంట పో...
పోనన్నాను. ముందు ఆ చెంపదెబ్బకు జవాబు చెప్పమను.
ఖాలిద్ నవ్వుతాడు, మామా చాటున ఎప్పటిలా తెలుగులోనే. "నువ్వు రాకుంటే నేను పస్తే తాతా!" కొత్త ఉన్నికోటు తొడుక్కుని వంటింట్లో తిరిగాడు. ఈ ఎండల్లో. పిచ్చోడు.

జూలై 31
మామా, ఆమె మొగుడు కైరోకు పెళ్లికి పోయారు. వియన్నా వీసా పని ఉందని ఖాలిద్ ఆగిపోయాడు.

ఆగస్టు 2
ట్యాంకులు. మన బ్నీద్ అల్ గార్ వీధిలోనే. ఇరాక్ వాళ్లవి. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. చూస్తూ నిలబడ్డాను.

ఆగస్టు 3
ఫోను పలకదు.

ఆగస్టు 6
ఇల్లిల్లూ వెతుకుతున్నారు. వయసులో ఉన్న కువైట్ మగపిల్లల్ని లారీ ఎక్కిస్తున్నారు. వీడి కాగితాలన్నీ పొయ్యిలో వేశాను. నా లుంగీ కట్టి వంటింట్లో కూర్చోబెట్టాను.
తుపాకీవాడు వచ్చాడు. వీడెవడు? నా మనవడు, ఇండియావాడు, అన్నాను. ఏదీ, మాట్లాడమను...
"ఇంకా ఎన్ని ఎర్రగడ్డలు కోయాల తాతా? కండ్లు మండిపోతాండాయి."
అచ్చం మా రాయచోటి మాట. ఎక్కడా తడబడలేదు. తుపాకీవాడు పోయాడు. మామా వద్దని కొట్టిన భాష!

ఆగస్టు 15
బియ్యం ఉన్నాయి. నిద్ర లేదు.

ఆగస్టు 27, సోమవారం
గురువారం ఊరిబయట సులైబియా నుంచి ఇండియాకు పోయే మనవాళ్ల బస్సు. బాగ్దాద్ మీదుగా అమ్మాన్. బస్సుకు పేర్లు రాసే కోనసీమ రాజుగారు అడిగాడు — "మీ మనవడి పేరేం రాయమంటారండీ, సాయిబుగారూ?" మస్తాన్ అని చెప్పాను. మా నాయన పేరు.
ఇంటికొస్తే వీడు కోటు లోపలి గుడ్డ విప్పి, వియన్నా కాలేజీ ఉత్తరం దాంట్లో పెట్టి కుడుతున్నాడు.
"కాల్చెయ్‌రా దాన్ని. దారిలో దొరికిందంటే ఇద్దరి పనీ ఖలాస్."
"నా పేరుండే కాగితం ఇదొకటే మిగిలింది. తక్కినవన్నీ నువ్వు కాల్చేస్తివి. ఇది లేకుంటే నేను రాను."
"వంటోని మనవడికి ఆగస్టులో ఉన్నికోటేందిరా?"
"అయితే నువ్వొకడివే పో."
నన్నా! ఆ మాట నన్నా అన్నది!

ఆగస్టు 28
తలుపు వేసుకున్నాడు. అన్నం గడప దగ్గర పెట్టాను. తిన్నాడు. ఖాళీ కంచం మళ్లీ గడప దగ్గరే పెట్టాడు.
రేపు మధ్యాహ్నం నమాజు వేళకు రాజుగారు పేర్ల కాగితం బస్సువాళ్లకు ఇచ్చేస్తాడు. మస్తాన్‌గా బస్సెక్కుతాడా, ఖాలిద్‌గా ఇక్కడే పట్టుబడతాడా? వాడు లేకుండా ఆ కాగితంలో నా పేరు కూడా అక్కర్లేదు — అది చెప్పను వాడికి. పొయ్యి వెలిగించే ఉంచాను. ఆ ఉత్తరం కాల్చడానికి తెస్తాడా, లేదా? ఏ భాషలోనైనా సరే, వస్తాడో రాడో వాడి నోటితో చెప్పాలి. బుధవారం మధ్యాహ్నం లోపల.