నది కదిలేదాకా

జారెచ్యె,
ఫిబ్రవరి చివరి ఆదివారం, 1993

ప్రియమైన చెల్లి తయ్యా,

ఈ ఉత్తరం మా పక్క వాటా నెల్లి చేతికిస్తున్నాను. మీ ఒడ్డున బట్టల మిల్లులో పని చేసేవాళ్ళకి వంతెన దాటే అనుమతి ఉంది కాబట్టి రేపు సాయంత్రానికల్లా నీకు అందుతుంది. తపాలాలో వేస్తే మాస్కో చుట్టి, టాలిన్ చుట్టి, నా కిటికీలోంచి కనబడే నీ కిటికీకి చేరేసరికి వసంతం వస్తుంది.

మీ బావ ఇంటికి రాలేదు.

శుక్రవారం పొద్దున్నే చేపలకని నది మీదకి వెళ్ళాడు. గట్టి మంచే, లారీ నడిచేంత మంచు. కానీ పదింటికల్లా పొగమంచు కమ్మేసింది. మన కోట బురుజు కూడా కనబడలేదు. సాయంత్రానికి పొగమంచు విడింది, మనిషి రాలేదు. నీకు తెలుసుగా, నది నడుమ సరిహద్దు సైనికులు దేవదారు కొమ్మలు వరసగా పాతారు, మొన్నటిదాకా అంతా ఒకే దేశం, ఇప్పుడు అవి దాటితే ఎస్తోనియా. దోసకాయ వాసన వేసే ఆ చిన్న చేపలు మాత్రం ఎప్పుడూ కొమ్మల అవతలే పడతాయని ఆయన సణుగుడు. తన వాటా చేపలన్నీ విదేశానికి పారిపోయాయట. అలా సణుగుతూనే వెళ్ళాడు. నేను వెనక్కి తిరిగి చూడను కూడా లేదు, పిండి కలుపుతున్నాను.

నీ దగ్గరికి గాని వచ్చాడా? దారి తప్పి మీ ఒడ్డుకి చేరాడేమో. మీ ఆసుపత్రిలో, మీ ఠాణాలో అడుగు. ఎస్తోనియా భాష నాకంటే నీకే బాగా వచ్చు. ఫోను చేద్దామంటే విదేశీ కాల్ అట, నగరం నుంచి బుక్ చేసుకోవాలట. ఎదురింటికి విదేశీ కాల్.

నిద్ర పట్టడం లేదు. నెల్లితో వెంటనే జవాబు పంపు.

నీ అక్క,
కాపా

*

కివిసిల్లా,
మార్చి మొదటి వారం

ప్రియమైన అక్కా,

నీ ఉత్తరం చదివిన వెంటనే కోటు తొడుక్కుని వెళ్ళాను. ఠాణాలో అడిగాను. ఆసుపత్రిలో అడిగాను. సరిహద్దు కార్యాలయంలో ఒక కుర్రాడు రిజిస్టరు తిరగేసి, ఆ పేరుగలవాళ్ళెవరూ లేరన్నాడు. ఇంకా అడుగుతున్నాను, అడుగుతూనే ఉంటాను.

నువ్వు ధైర్యంగా ఉండు. వేళకి తిను. గుండె మాత్రలు మానకు. నిన్ను ఒక్కటే వేడుకుంటున్నాను అక్కా, నది దగ్గరికి వెళ్ళకు. ఈ ఏడు ఎండ ముందే వచ్చింది. మా మిల్లు వేడినీళ్ళు కలిసే చోట మంచు అప్పుడే నల్లబడుతోంది. సైనికులకి కూడా ఎవరినీ కొమ్మలు దాటనివ్వొద్దని కొత్తగా ఆజ్ఞలొచ్చాయని ఇక్కడ చెప్పుకుంటున్నారు. బావని వెతికే పని వాళ్ళది. నీ పని ఇంట్లో ఉండడం.

పూర్తిగా ఆశ వదులుకోకు. ఇంతకంటే రాయడానికి నాకు మాటలు రావడం లేదు.

నీ చెల్లి,
తయ్యా

*

జారెచ్యె,
మార్చి మధ్య

ప్రియమైన తయ్యా,

ఆయన మంచు తొలిచే బరమా, చెక్కబండీ దొరికాయి. కొమ్మలకి కొంచెం ఇవతల. బండి మీద టీ సీసా గడ్డకట్టి ఉంది. మనిషి లేడు.

సరిహద్దు చౌకీ లెఫ్టినెంటు దగ్గరికి వెళ్ళాను. ఇంకా మీసం సరిగా రాని వాడు. కూర్చోబెట్టి టీ ఇచ్చాడు, మంచివాడే. అవతల వెతకమని అడిగితే తల వంచుకున్నాడు. "పెద్దమ్మా, కొమ్మలకి ఇవతల సూది పోయినా వెతికిస్తాను. అవతల పడితే నా బూటు కూడా నేను తెచ్చుకోలేను," అన్నాడు. అవతలివాళ్ళకి కాగితం రాశాడట. వాళ్ళ జవాబు ఇంకా రాలేదట.

ఊరు ఊరుకుంటుందా? కింది వాటా ఫైనా రొట్టె క్యూలో అందరూ వింటుండగానే అంది: "మీ ఆయన తెలివైనవాడే కాపా. మునిగిపోయాడని నువ్వు ఏడుస్తుంటే అక్కడ కాఫీ తాగుతుంటాడు." నా రొట్టె తీసుకుని వచ్చేశాను. ఇంటికొచ్చాక ఆ మాటే పట్టుకుని కూర్చున్నాను. అలా జరిగి ఉంటే బాగుండునని మొక్కుకున్నాను తయ్యా. నన్ను వదిలి పారిపోయాడన్నా సరే, నది అడుగున లేడంటే చాలు. పెళ్ళయిన ఏ ఆడదైనా ఇలాంటి మొక్కు మొక్కుకుంటుందా?

పగలంతా మనసు మళ్ళించుకోవడానికి బడికి వెళ్తున్నాను. ఊరి చరిత్రకి ఒక గది పెడుతున్నారు, పాత టీచర్ని కదా, గోడ మీద పెట్టే రాతలు నన్ను రాయమన్నారు. జార్ కట్టిన కోట, స్వీడన్ వాళ్ళ ఫిరంగులు, విప్లవం, యుద్ధం. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఇలాగే చెప్పాను, విప్లవం నుంచి యుద్ధానికి ఒక్క గెంతు గెంతించేదాన్ని. నడుమ ఇరవై ఏళ్ళు మన ఊరు ఎస్తోనియాలో ఉండేదని పాఠంలో లేదు. ఉన్నా చెప్పనిచ్చేవాళ్ళు కాదు. మనిద్దరం పుట్టిందేమో ఆ ఏళ్ళలోనే. నిన్న ఆ ఖాళీ దగ్గర కలం ఆగిపోయింది, గోడకేసి చూస్తూ ఉండిపోయాను.

వీసాకి అర్జీ పెట్టాను. నెల పైనే పడుతుందన్నారు.

నీ దగ్గర ఏ కబురున్నా, చెడ్డదైనా, దాచకు.

నీ అక్క,
కాపా

*

కివిసిల్లా,
మార్చి చివర

ప్రియమైన అక్కా,

కబురు రాస్తానంటే ఏం రాయను? ఇక్కడ జలుబులు, దగ్గులు. మిల్లులో సగం మగ్గాలు ఆపేశారు. మా మెట్ల దగ్గర మంచు కరిగి గుమ్మం దాకా బురద.

నల్లబట్టలు కుట్టించుకుంటున్నావని నెల్లి చెప్పింది. వద్దక్కా. తొందరపడకు. బక్‌వీట్ జావ పంపిస్తున్నాను, గిన్నె తర్వాత ఇద్దువుగాని. ఎక్కువ కాచాను, బావకి ఉప్పు తక్కువైతే దిగదు, మొత్తం అలాగే వదిలేశాడు, పారేయడానికి మనసొప్పలేదు.

నది వైపు వెళ్ళడం లేదు కదా? ఒట్టు పెట్టి రాయి.

నీ చెల్లి,
తయ్యా

*

జారెచ్యె,
ఏప్రిల్ మొదటి శనివారం

తయ్యా,

నీ ఉత్తరం ముందు ఒకసారి చదివి మడిచి పెట్టాను. జావ వేడి చేసుకుని తింటుంటే ఉప్పు తక్కువగా తగిలింది. మళ్ళీ తీసి చదివాను.

ఎవరు వదిలేశారు జావ?

రాసేటప్పుడు నీ బుర్ర ఎక్కడుందో నాకు తెలియదు. నా బుర్ర మాత్రం ఇక్కడే ఉంది. నెల్లిని కూర్చోబెట్టి అడిగాను. ముందు ఏమీ లేదంది. తర్వాత ఒప్పుకుంది, నువ్వు మూత గిన్నె పట్టుకుని ఆసుపత్రి వెనక గుమ్మంలోంచి వెళ్ళడం చూసిందట. ఒకసారి కాదు. ఇంకోసారి సంతలో మగవాళ్ళ ఉన్ని మేజోళ్ళు కొంటున్నావట. నీ భర్త పోయి ఎన్నేళ్ళయింది? ఎవరి కాళ్ళకి ఆ మేజోళ్ళు?

ఆయన నీ దగ్గరే ఉన్నాడు. మొదటి నుంచీ ఉన్నాడు. నేను ఇక్కడ కొవ్వొత్తులు వెలిగిస్తుంటే, చలిలో చౌకీ గుమ్మం ముందు నిలబడుతుంటే, నువ్వు ధైర్యంగా ఉండమని రాశావు.

ఆయన మొదట మన ఇంటికి వచ్చిపోయింది నీ కోసమేనని ఊరంతా అనుకున్నారు. నేనూ అనుకున్నాను. నన్ను పెళ్ళికి అడిగినప్పుడు నమ్మలేకపోయాను. ఆ సంగతి ఇన్నేళ్ళలో నీతో ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఇప్పుడు ఎత్తుతున్నాను. ఉండాలనుకుంటే ఉండమను. ఆ ముక్క నా ముఖం మీద చెప్పడానికి ఇద్దరికీ నోరు లేకపోయిందా?

నేనే వస్తాను. ఏ దారిన వస్తానో నీకు చెప్పను. చెబితే దాచేస్తావు.

కాపితొలీనా

*

కివిసిల్లా,
ఏప్రిల్, గురువారం ఉదయం

నా బంగారు అక్కా,

నది కదిలింది. తెల్లవారుతుండగా ఫిరంగి పేలినట్టు శబ్దమైంది. పరుగెత్తుకెళ్ళి కిటికీ తెరిచాను. పలకలు పలకలుగా విరిగి, ఒకదాని మీదికొకటి ఎక్కి, సముద్రం వైపు పోతోంది. దేవదారు కొమ్మలు కూడా వాటి మీదే నిలబడి పోతున్నాయి. గోడకి చేరబడి ఏడ్చాను. ఇప్పుడు నీకన్నీ రాయొచ్చు.

బావ బతికే ఉన్నాడు. నీ మొదటి ఉత్తరం అందిన సాయంత్రమే ఆసుపత్రిలో కనబడ్డాడు. పొగమంచులో దిక్కు తెలియక ఎటో నడిచి, మిల్లు వేడినీళ్ళ దగ్గర పల్చటి మంచు విరిగి పడిపోయాడు. ఇద్దరు జాలర్లు తాడు వేసి లాగారు. జేబులో ఏ కాగితమూ లేదు. ఒళ్ళు తెలియని స్థితిలో, పేరు లేని మనిషిగా పడి ఉన్నాడు. ఊపిరితిత్తులకి నెమ్ము. ఎడమ కాలి వేళ్ళు నల్లబడితే తీసేశారు. గట్టెక్కితే అదృష్టమని డాక్టరమ్మ అంది.

ఆ రాత్రే నీకు రాయబోయాను. కలం పట్టుకుంటే అమ్మకి ప్రసవం కష్టమైన ఏడు గుర్తొచ్చింది. యుద్ధంలో వంతెన కూల్చేశారు, అమ్మ ఈ ఒడ్డున ఆసుపత్రిలో ఉంది, ఏప్రిల్ నెల. నువ్వు ఎవరికీ చెప్పకుండా మంచు మీద నడిచి వచ్చావు. నడుము దాకా తడిసి, జడ గడ్డకట్టి, మంచం పక్కన నిలబడ్డావు. నిన్ను చూసి అమ్మ సంతోషించలేదు, భయంతో కేకపెట్టింది. నేను మంచం కింద దాక్కున్నాను. మంచానున్న మనిషి నీవాడైతే నువ్వు ఎవరి కోసమూ, దేని కోసమూ ఆగవు. అప్పుడు ప్రమాదం మంచు ఒక్కటే. ఇప్పుడు తుపాకులు కూడా.

ఎలాగూ వారంలో తేలిపోతుందని అబద్ధం రాశాను. వారం తర్వాత బావ కళ్ళు తెరిచాడు. నన్ను గుర్తుపట్టి, గొంతు పెగలక సైగ చేసి దగ్గరికి రమ్మన్నాడు. "కాపాకి చెప్పకు. మంచు మీద వచ్చేస్తుంది. నది కదిలాక చెప్పు." అతను మాట్లాడిన మొదటి మాట అదే. ఆ తర్వాత ఒకటి రెండుసార్లు, పాపం అది ఏడుస్తోందేమో, రాసేద్దామా అని తనే అడిగాడు. మళ్ళీ తనే వద్దన్నాడు. ఇద్దరం పిరికివాళ్ళమే అక్కా, నీ విషయంలో.

నీ కడపటి ఉత్తరంలో నా గురించి రాసింది చదివి ముందు నవ్వొచ్చింది. బావ మన ఇంటికి వచ్చినన్నాళ్ళూ నాతో మాట్లాడింది నీ గురించే. నీకు ఏ పాట ఇష్టం, ఏ రంగు ఇష్టం. ఆ ఊసులు వినలేక విసుక్కునేదాన్ని. తర్వాత "ఏ దారిన వస్తానో చెప్పను" అన్న ముక్క దగ్గరికి వచ్చాను. ఆ రోజు నుంచి కిటికీ వదల్లేదు. సోమవారం పొద్దున మీ ఒడ్డున గోధుమరంగు శాలువా కప్పుకున్న ఆడమనిషి మంచు అంచుదాకా వచ్చి నిలబడింది. నేను అరిచాను. వినబడదని తెలిసీ అరిచాను. ఆమె చాలాసేపు ఇటే చూసి వెనక్కి తిరిగి వెళ్ళింది. నువ్వేనా అది?

తిట్టు, కొట్టు. నీ ఇష్టం. జవాబు మాత్రం రాయి.

నీ తయ్యా

*

జారెచ్యె,
ఏప్రిల్, ఆదివారం

ప్రియమైన తయ్యా,

ఆ శాలువా మనిషిని నేనే. మంచు దాటడానికి రాలేదు. నగరానికి రైలెక్కే ముందు నీ కిటికీకేసి చూసి తనివితీరా తిట్టుకుందామని వచ్చాను.

నగరంలో ఎస్తోనియా వాళ్ళ కార్యాలయానికి వెళ్ళాను. అమ్మ దాచిన నా బాప్టిజం కాగితం తీసుకెళ్ళాను. బడి గోడ మీద ఖాళీగా వదిలేసిన ఆ ఇరవై ఏళ్ళకేసి చూస్తుంటేనే ఆ కాగితం సంగతి తట్టింది. బల్ల వెనక బక్కపల్చటి అమ్మాయి అటూ ఇటూ తిప్పి చదివి, వచ్చీరాని రష్యన్‌లో "మీకు వీసా ఇవ్వడం కుదరదు," అంది. నేను బెంచీ మీద కూలబడ్డాను. పాపం గాభరాపడి గ్లాసుతో నీళ్ళు పట్టుకొచ్చింది. "మీరు మా దేశంలోనే పుట్టారు. మా పౌరులకి మేమే వీసా ఎలా ఇస్తాం? జారెచ్యె అప్పుడు మాది."

"మరి ఇప్పుడు?" అన్నాను.

"ఊరు ఇప్పుడు మీది. మీరు మాత్రం మా మనిషే."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నేను పిల్లల చేత గెంతించిన ఏళ్ళే నన్ను వంతెన దాటిస్తున్నాయి. గుర్తింపు కాగితం చేతికిచ్చారు. మన లెఫ్టినెంటు కూడా చూసి, వెళ్ళిరా పెద్దమ్మా అన్నాడు. నిన్న ఇంటికొచ్చేసరికి నెల్లి గుమ్మంలోనే కూర్చుని ఉంది, నీ ఉత్తరం గుండెలకి హత్తుకుని. చదవలేదంటుంది. కళ్ళు మాత్రం ఎర్రగా ఉన్నాయి.

తయ్యా, నీ ఉత్తరం చదివి లేచి గిన్నెలు తోమాను. తోమిన గిన్నెలే మళ్ళీ తోమాను. ఆయన బతికే ఉన్నాడు అని గోడకి చెప్పాను, పొయ్యికి చెప్పాను, కిందికి దిగి ఫైనాకి చెప్పాను. అది నన్ను పట్టుకుని ఏడ్చింది. అంత ఏడుపు దాని దగ్గర ఉందని నాకు తెలియదు.

తర్వాత నీ మీద కోపం వచ్చింది. చిన్న కోపం కాదు. నా మొగుడు చచ్చాడో బతికాడో నాకు చెప్పాలో లేదో మీరిద్దరూ కూర్చుని తేల్చుకున్నారు. నన్ను అడగలేదు. నేను మంచు దాటిన ఆ పిల్లని కాదు, ముసలిదాన్ని, కీళ్ళు పట్టేశాయి, మంచంటే భయం అని రాద్దామని కూర్చున్నాను. రెండు కాగితాలు చింపేశాను, అది అబద్ధం కాబట్టి. ఫిబ్రవరిలో నువ్వు నిజం రాసి ఉంటే ఆ సాయంత్రమే బయలుదేరేదాన్ని. కొమ్మల దగ్గర ఎవరు తుపాకీ ఎత్తినా ఆగేదాన్ని కాదు. నువ్వు చేసింది సరైన పనే. ఆ ముక్క ఒప్పుకోవడమే నాకు కష్టంగా ఉంది, ఇంకొన్నాళ్ళు కష్టంగానే ఉంటుంది. ఓర్చుకో.

ఆయనకి చెప్పు, బుధవారం వస్తున్నాను. వేళ్ళు లేని పాదానికి నా చేత్తో మేజోడు అల్లాను, నువ్వు కొన్నవి ఎవరికైనా ఇచ్చెయ్యి.

నువ్వు వంతెన దగ్గరికి రాకు. అందరి ముందూ నిన్ను కొడతానో కావలించుకుంటానో నాకే తెలియదు. గేటు దగ్గర చలి కూడా, నీకు అసలే దగ్గు. ఆసుపత్రి దారి నాకు తెలుసు, ఒక్కదాన్నే రాగలను.

లేదు తయ్యా. రా.

నీ అక్క,
కాపా