నాలుగు కథల్లోనూ లేని మనుషులు

ఏరెనా పిన్నికి,

సోమవారం నువ్వు షెడ్డులోంచి విసురుగా వెళ్ళిపోయాక మూడుసార్లు ఫోన్ చేశాను. నువ్వు తియ్యలేదు, అందుకే రాస్తున్నాను.

మన చిలగడదుంపల సంఘం ఇరవై ఏళ్ల తర్వాత ఎలా ఉండొచ్చో నాలుగు రకాలుగా ఊహించి రాయడం నా ఉద్యోగం. వైరోవా నది పొంగి కింది షెడ్లు మునిగితే? దుంపలు ఏరే పని యంత్రాలే చేస్తే? అలా జరుగుతుందని కాదు పిన్నీ, జరిగితే ఏం చేయాలో ముందే ఆలోచించుకోవడానికి. ఆ ముక్క మీ షెడ్డువాళ్లతో చెప్పకుండానే కాగితాలు అక్కడి గోడకు అంటించేశాను. మిమ్మల్ని పనిలోంచి తీసేస్తున్నారనుకోవడంలో మీ తప్పేం లేదు.

"ఈ నాలుగింటిలో నేనెక్కడున్నానో చూపించవే" అని నువ్వడిగాక కాగితాలన్నీ మళ్ళీ తిరగేశాను. ముప్పై ఏళ్లుగా దుంపలు ఏరుతున్నవాళ్లు ఒక్క కథలోనూ లేరు. రాసిన నేనే అది చూసుకోలేదు.

మళ్ళీ మీతో కూర్చుని రాస్తానని మేనేజరుతో చెప్పాను. రెండు నెలలు గడువిచ్చాడు. ఆలోపు కాకపోతే పాత కాగితాలే కమిటీ ముందుకు వెళ్తాయి.

నిన్న మీ షెడ్డు ఆడవాళ్లు పదకొండుమందినీ పిలిచాను. వచ్చారు, టీ తాగారు, ఒక్కరూ మాట్లాడలేదు. చివరికి వాళ్లలోంచి హూయా నవ్వి, "మీ పిన్ని లేకుండా మా చేత ఏం చెప్పిస్తావే పిల్లా? ముందు వెళ్ళి ఆవిణ్ణి బతిమాలుకో" అంది.

బతిమాలుకుంటున్నాను. గురువారం పదింటికి కారు తీసుకుని వస్తాను. షెడ్డు దాకా దారి పొడుగునా తిట్టు, పడతాను. కానీ కారెక్కు.

నీ అక్క కూతురు