నువ్వు పైకి రాలేదు

అన్నా,

ఫోన్ చెయ్యకు, ఎత్తను. నీ ముందు నాకు మాట రాదు, అందుకే మెసేజ్ పెడుతున్నా. మొత్తం చదువు.

ఈ రోజు ఊరి పరుగు పందెంలో నువ్వు కొండ పైకి రాలేదు. పైన నీళ్ళ ట్యాంకు దగ్గర నిలబడింది నేనే. పైకొచ్చిన ప్రతి ఒక్కళ్ళ చేతికీ ఎర్ర రబ్బరు బ్యాండు తొడిగింది నేనే. ముందు ఆసుపత్రి నర్సక్క వచ్చింది. తర్వాత మెకానిక్కు. నువ్వు రానేలేదు. కిందికి దిగి చూస్తే నీ చేతిలో కప్పు, చేతికి బ్యాండు! రాత్రి నా సంచిలోంచి కొట్టేశావు కదూ? వీడెలాగూ నోరు విప్పడులే అనుకున్నావు. ఇప్పుడది నేనే తొడిగానని అందరూ అనుకుంటున్నారు.

కప్పు నువ్వే ఉంచుకో. పరుగులో పోగైన చందా డబ్బుతో ముందు ఏ బాట బాగుచెయ్యాలో గెలిచినోళ్ళే చెప్పాలి. అమ్మ లాండ్రీ పనికి వెళ్ళే వెనకబాట వానలకి కోసుకుపోయింది, అమ్మ జారి పడింది కూడా. నువ్వేమో మైకు పట్టుకుని "చెరువు బాట" అన్నావు. అక్కడ నీ ఫ్రెండు సైకిళ్ళు అద్దెకిస్తాడని! దానికి అమ్మ చప్పట్లు కొట్టింది. ఛీ.

రేపు పందెం కమిటీ కూర్చుంటుంది. నువ్వే ఒప్పుకో. లేదంటే నేను చెబుతా.

నీ తమ్ముడు

అన్నా,

ఒప్పుకున్నావా? కాలు మీద కాలేసుకుని కూర్చున్నావు. డ్రిల్లు మాస్టారు "అంతా సవ్యంగానే జరిగినట్టేగా?" అనగానే లేచా. "అన్న పైకి రాలేదు" అన్నా. "గట్టిగా చెప్పరా" అన్నారు. మళ్ళీ చెప్పా.

"కూర్చోరా వెధవా, ఇంటి పరువు తీస్తావా?" అని నాన్న అరిచాడు. నువ్వు నవ్వి, "వీడు మనుషుల్ని చూస్తేనే కళ్ళు మూసుకుంటాడు సార్, నన్నెక్కడ చూస్తాడు?" అన్నావు. అందరూ పగలబడి నవ్వారు. ఆ నవ్వు చచ్చేదాకా మర్చిపోను.

నర్సక్క మాత్రం నవ్వలేదు. "ఎక్కేదీ దిగేదీ ఒకటే బాట. నాకంటే ముందుంటే నువ్వు దిగుతూ నాకు ఎదురు రావాలిగా? తల దించుకుని ఎక్కాను, నేనే చూసుకోలేదేమో అనుకున్నా" అంది. అప్పుడు చూడాల్సింది నీ మొహం.

తమ్ముడు

అన్నా,

కప్పు నీ దగ్గర్నించి తీసుకుని నర్సక్కకి ఇచ్చారు. ఆమె ఆసుపత్రి బాట అడిగింది. మన వెనకబాట కాదు. "ఏం ఒరగబెట్టావురా? వాడి పరువూ పోయె, బాటా రాకపోయె" అంటున్నాడు నాన్న. అమ్మ నాతో మాట్లాడట్లేదు. నువ్వు తలుపేసుకుని పడుకుంటే నీకు మాత్రం కంచం గదిలోకే వస్తోంది. పొద్దున అమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని ఆ జారుడులోంచే పనికెళ్ళింది.

అయినా మళ్ళీ అడిగితే మళ్ళీ అదే చెబుతా.

ఆ బాటకి నేనే మెట్లు తవ్వుతున్నా. అంతా రాయి, నా ఒక్కడి వల్ల కావట్లేదు. గడ్డపార నీ తలుపుకి ఆనించి వచ్చా. తలుపు తీస్తే నీ కాలి మీదే పడుతుంది. పడనీ. తీసుకుని రా. సారీ గీరీ వద్దు. తవ్వు.

తమ్ముడు