డ్రైవరు సంగతేంటి తల్లీ

నాన్నా,

నువ్వు పోయిన రోజు ఇవాళ. సముద్రాలవతల నేనుంటున్న ఈ టౌరంగా ఊళ్లో పొద్దుటి నుంచీ వాన. నీకు చెప్పాలనిపించే మాటొకటి మధ్యాహ్నం వచ్చింది.

నాతో ఫ్లాట్‌లో ఉండే హారిక ఈమధ్యే గుంటూరు నుంచి చదువుకి వచ్చింది. అమెరికాలో ఉన్న వాళ్ల కజిన్ గంజాయి కలిపిన చాక్లెట్లు పోస్టులో పంపుతానందట.

"అక్కడ లీగలే అక్కా. షాపులో బిల్లిచ్చి మరీ అమ్ముతారు."

"అక్కడైనా కొన్ని రాష్ట్రాల్లోనే. ఈ దేశంలో గంజాయి అమ్మకానికి ఒప్పుకోవాలా అని జనాన్ని ఓటడిగితే వద్దన్నవాళ్లే కాస్త ఎక్కువయ్యారు. డాక్టరు మందుగా రాస్తే తప్ప, సరదాకి వాడితే పెద్దవాళ్లకైనా నేరమే. ఆ పార్సిల్ దొరికిందంటే నీ వీసా గోవిందా."

"అమ్మో, లాయరక్కా! నాకెందుకొచ్చిన గొడవ," అని హారిక వెంటనే కజిన్‌కి ఫోన్ చేసి వద్దని చెప్పేసింది.

నువ్వైతే అంత తేలిగ్గా వదిలేవాడివి కాదు. మనింట్లో బడికెళ్లిన మొదటిదాన్ని నేనే కాబట్టి, ఏ చట్టం మాటొచ్చినా లారీ దిగి నేరుగా నా దగ్గరికే వచ్చేవాడివి. నర్సీపట్నం దారిలో గంజాయి కోసం పోలీసులు నీ లారీ టార్పాలిన్ ఎన్నిసార్లు విప్పించారో! "ఒక రాష్ట్రంలో బిల్లిచ్చి అమ్మిన సరుకు పక్క రాష్ట్రానికి తోలితే, మరి డ్రైవరు సంగతేంటి తల్లీ?" అని ఇవాళ ఉంటే అడిగేవాడివి.

పట్టుకుంటారు నాన్నా. రెండు రాష్ట్రాలూ అమ్మకానికి ఒప్పుకున్నా, సరిహద్దు దాటిస్తే, దేశం మొత్తానికీ ఉన్న చట్టం ప్రకారం అమెరికాలోనూ నేరమే. అది కూడా చదివి తెలుసుకున్నాను. ఇక్కడ అడిగేవాళ్లే లేరు.