నడుం కొలత

శ్రీవారికి,

నమస్కారం చేసి రాస్తున్నాను. ఇక్కడ అందరం క్షేమం, అక్కడ మీరూ క్షేమమని తలుస్తాను. ఈ ముక్క చెయ్యి దానంతటదే రాసేసింది. కొట్టేద్దామనుకుని కూడా ఉంచేశాను, ఉత్తరం ఎక్కడో ఒకచోట మొదలవ్వాలి కదా.

మీ జాబు పోయిన గురువారం అందింది. ఓడ వంటగదిలో చేతులు బొబ్బలెక్కాయని రాశారు. మందు రాస్తున్నారో లేదో మాత్రం రాయలేదు. ఇంటి కప్పు బాగు చేయించావా అని అడిగారు. చేయించాను. వాన పడితే కుట్టు మిషను మీద గోనెపట్టా కప్పే బాధ తప్పింది.

ఇక అసలు సంగతి. పదహారు నిండని మన పిల్లకి నెల తప్పి ఆరు నెలలైందని నేను రాస్తే, మీరు మూడు ప్రశ్నలూ ఒక ఆజ్ఞా పంపారు. ఇప్పుడు ఏడో నెల వచ్చింది. వరసగా జవాబు చెప్తాను.

వాడెవడని మొదటి ప్రశ్న. మందుల షాపు వాళ్ళబ్బాయి. దీని క్లాసే, దీనికంటే నాలుగు నెలలు పెద్ద. మీరు పళ్ళు కొరుకుతూ ఊహించుకున్నంత మొనగాడేం కాదు, ఇంకా మీసమే రాలేదు. పిల్ల వాడి పేరు చెప్పిన మర్నాడే వాళ్ళమ్మ రెండు ప్యాంట్లు పట్టుకుని నా దగ్గరికొచ్చింది. మావాడు పొడుగు సాగిపోతున్నాడు, కింద మడత విప్పి కుట్టమంది. నేను మిషను ఆపి, ఆవిణ్ణి కూర్చోబెట్టి, ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ ఏడవలేదు, నన్ను తిట్టనూ లేదు. ప్యాంట్లు మళ్ళీ సంచిలో పెట్టుకుంది.

"పరీక్షల ముందు వాడి మనసు పాడు చెయ్యకండి, మీకు దణ్ణం పెడతాను" అంది.

మన పిల్లకీ అవే పరీక్షలన్న మాట, ఆవిడ వీధి మలుపు తిరిగాక గానీ నా నోటికి రాలేదు. వాడు రోజూ బడికి వెళ్తూనే ఉన్నాడు. మన ఇంటి ముందు సైకిలు కాస్త తొందరగా తొక్కుతాడు, అంతే.

ఎవరెవరికి తెలుసని రెండో ప్రశ్న. తెలియనివాళ్ళెవరో చెప్పడం తేలిక, ఓడ మీద మీ తోటివాళ్ళు. ఎన్నడూ గడప తొక్కనివాళ్ళు కూడా చిరగని బట్టలు బాగుచెయ్యమని తెస్తున్నారు. నేను కొలత తీస్తుంటే వాళ్ళ చూపులన్నీ లోపలి గది తలుపు మీదే. పదిహేడో ఏట నేను దీన్ని కన్నప్పుడు ఇలాంటివాళ్ళే వచ్చి చల్లగా ఉండమని దీవించిపోయారు. నా ఒళ్ళు మాత్రం అప్పటికి ఏం ముదిరిందని? మధ్యలో పెళ్ళి ఒకటి జరిగింది కాబట్టి ఎవరికీ తప్పనిపించలేదు. ఆ కాన్పులో నేను చచ్చి బతికాను. అది మీరు మర్చిపోయినా నేను మర్చిపోలేదు.

డాక్టరమ్మ పిల్లకి రక్తం తక్కువగా ఉందంది. ఎముకలింకా ఎదిగేవేనట, కాన్పు తేలిక కాదట. "మూడో నెలలో తెచ్చుంటే మీకు దారులుండేవి. ఇప్పుడిది ఒక్కటే" అంది. అని నా మొహంలోకి చూసింది. నేను నా చెప్పులకేసి చూసుకున్నాను.

బడి సంగతి. పెద్ద టీచరమ్మ నన్ను గదిలోకి పిలిచి చాలా మర్యాదగా మాట్లాడింది. మిగతా ఆడపిల్లలు చూస్తే బాగుండదు, ఈ ఏటికి మానిపించండి, వచ్చే ఏడు చూద్దాం అంది. మరి మగపిల్లలు వాణ్ణి చూస్తే బాగుంటుందా అని అడిగాను. ఆవిడ కాగితాలు సర్దుకుంది. నేను లేచేటప్పుడు మాత్రం ప్రేమగా, "యూనిఫాంలు ఎప్పటిలా మీకేనండి, దాని గురించి దిగులు పెట్టుకోకండి" అంది.

ఇప్పుడు మీ ఆజ్ఞ. పిల్లని మీ అక్కయ్యగారింటికి పంపెయ్యి, కాన్పయ్యేదాకా గదిలోంచి బయటికి రానివ్వద్దు, బిడ్డని ఎవరికైనా ఇచ్చేద్దాం అని రాశారు. పంపను. మీ మాట నేను కాదనడం ఇదే మొదటిసారి, కోపం వస్తే అక్కడే తీర్చుకుని రండి. పిల్లని అడిగాను. "ముందు పరీక్ష రాయనీ అమ్మా, మిగతాది తర్వాత చెప్తాను" అంది. అది అడిగింది అదొక్కటే. వచ్చే ఏటి బడి యూనిఫాంల గుడ్డ పన్నెండు థానులు మన ఇంట్లో ఉన్నాయి కదా. హాల్‌టికెట్టు ఇచ్చేదాకా వాటి మీద కత్తెర పెట్టనని పెద్ద టీచరమ్మకి కబురు పంపాను. నాలుగో రోజున బంట్రోతు వచ్చి హాల్‌టికెట్టు ఇచ్చి, థానులు బండికెత్తుకుని పోయాడు. ఇకమీదట ఆ బడి కుట్టుపని మనకి లేదు.

మూడో ప్రశ్న మిగిలింది. 'ఇంట్లో ఉండి నువ్వేం చూస్తున్నావు?' అని కింద రెండు గీతలు కూడా గీశారు. దీనికి జవాబు రాయలేకే ఇన్ని రోజులు పట్టింది.

నేను చూశానండి. అందరికంటే ముందు నేనే చూశాను. మూడో నెలలో అది యూనిఫాం స్కర్టు తెచ్చి మిషను మీద పెట్టి, బిగుతవుతోందంది. అర అంగుళం వదిలాను. ఎదిగే పిల్ల అనుకున్నాను. నాలుగో నెలలో మళ్ళీ తెచ్చింది. ఈసారి టేపు పెట్టాను. ఎదిగే పిల్లకి భుజం పెరుగుతుంది, పొడుగు పెరుగుతుంది. ఏదీ పెరగకుండా నడుం ఒక్కటే పెరగదు. పదిహేనేళ్ళుగా కొలతలు తీస్తున్నదాన్ని, నాకు తెలియదంటే ఎవరైనా నమ్ముతారా? టేపు చుట్టేసి, అంగుళమున్నర వదిలాను. ఐదో నెలలో వదలడానికి లోపల గుడ్డ లేకపోతే, పక్కన అదే రంగు ముక్క అతుకు వేసి ఇచ్చాను. నా చేతిపని కదా, బడిలో ఎవరూ పోల్చుకోలేదు.

ఆరో నెలలో అతుకూ ఆగక అడిగాను. అంతకుముందు ఎందుకు అడగలేదంటే, అడిగితే అది చెప్తుంది. చెప్తే బడికి తెలుస్తుంది, యూనిఫాంల పని పోతుంది. పెద్ద టీచరమ్మ నాకిచ్చిన ఆ ప్రేమ మాట కోసమే నేను మూడు నెలలు నోరు కుట్టేసుకున్నాను. డాక్టరమ్మ చెప్పిన దారులన్నీ ఆ మూడు నెలల్లోనే మూసుకుపోయాయి. తిట్టాలంటే దీనికి తిట్టండి, పడతాను. ఆ మూడు నెలల్లో మీరు రాసిన ప్రతి జాబులోనూ దాని మార్కులే అడిగారు. ఆ తప్పు మాత్రం మీ లెక్కలో వేసుకోండి.

సోమవారం పరీక్ష. అతుకుల స్కర్టు వద్దని కొత్తది కుడుతున్నాను, గుడ్డ బోలెడంత వదిలి. గేటు దాకా నేనే తీసుకెళ్తాను, ఎవరేమన్నా వినబడనట్టు నడుస్తాను. నిన్న కొలత తీసుకుంటూ, ముందే నోరు విప్పి చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు కదే అన్నాను. ఇంకా దాని మీదకే నెట్టాలని చూశాను, చూడండి నా బుద్ధి. అది చేతులు పైకెత్తి అలాగే నిలబడింది.

"మూడుసార్లు చెప్పాను కదమ్మా. స్కర్టు తెచ్చి నీ మిషను మీదే పెట్టాను. నువ్వు ఇస్త్రీ చేసి ఇచ్చావు" అంది.

ఇట్లు,
మీ పిల్ల తల్లి