గడి మెట్ల దగ్గర చెప్పులు

సిద్దిపేట,
12 ఆగస్టు 2025, మంగళవారం.

ఈ రోజు అయిన పనులు: నల్లా నీళ్లు పట్టాను. మీ తమ్ముడికి వేడినీళ్లతో ఒళ్లు తుడిచాను. జొన్నగట్క చేస్తే సగం తిన్నాడు. దుప్పట్లు ఉతికాను, ముసురుకు ఆరలేదు. ఖాళీ అయిన ఆక్సిజన్ సిలిండర్ ఇచ్చి నిండుది తెచ్చుకున్నాను. మిగిలింది ఈ ఉత్తరం.

పూజ్యురాలైన యాదలక్ష్మి వదినెకు, మరదలు సులోచన దండాలు పెట్టి రాసేది. నేను బాగున్నాను. మా బిడ్డ మైత్రి డిగ్రీ చివరి ఏడాదికి వచ్చింది, అదీ బాగుంది. భివండీలో మీరు, అన్నయ్య, పిల్లలు చల్లగా ఉన్నారని తలుస్తాను. మీ చెవి మిషన్ ఈల వేస్తోందని రాశారు. కొన్నచోటే చూపించండి, అన్నయ్యను విప్పనివ్వకండి. మీకు వినబడేదైతే ఈ సంగతులన్నీ ఫోన్‌లోనే చెప్పేదాన్ని. పిల్లలతో చెప్పించడానికి మనసొప్పలేదు.

మీరు పంపిన పొడి తేనెలో కలిపి రెండు పూటలా ఇచ్చాను. దగ్గు తగ్గలేదు. పొడిని తప్పు పట్టకండి. పిండి గిర్ని నడుస్తోందా అని అడిగారు. తాళం తీయడం లేదు. ఇన్నేళ్లు ఊరందరి జొన్నలూ మిరపకాయలూ పట్టి ఇచ్చిన మనిషికి ఇప్పుడు పిండి వాసన తగిలితే చాలు, దగ్గు తెర వస్తుంది. వచ్చే నెల పెత్రమాస నాటికి వచ్చి బతుకమ్మ పండుగ ఇక్కడే చేసుకుంటానన్నారు. దానికి జవాబు కొంచెం ఆగి రాస్తాను. ముందు ఆదివారం ముచ్చట చెప్పాలి.

మన ఊరి దొరల గడిని బాగుచేయించి, టికెట్ పెట్టి చూపిస్తున్నారని మీకు తెలుసు. ఆ వార్త విన్ననాటి నుంచి అక్కడికి తీసుకుపొమ్మని మీ తమ్ముడు ఒకటే పోరు. మామయ్య సంగతి నాకంటే మీకే బాగా తెలుసు. గడి తోటంతా ఆయన చేతిమీదుగా పెరిగింది. అయినా గడి గోడ మొదలయ్యేచోట చెప్పులు విప్పి చంకలో పెట్టుకుని, గోడ అయిపోయాకే తొడుక్కునేవాడు. దొరలు పట్నం వెళ్లిపోయి, గడికి తాళం పడి, గబ్బిలాలు చేరిన తర్వాత కూడా ఆయన అలవాటు పోలేదు. చివరి రోజుల్లో మీ తమ్ముడి చెయ్యి పట్టుకుని, "ఎన్నడన్న తలుపులు తీస్తే, చెప్పులేసుకొని మెట్లెక్కు బిడ్డా" అన్నాడు. అప్పుడు మీరు మంచం పక్కనే ఉన్నారు.

"ఎట్ల పోతవు? బాత్రూం దాక పోతెనే ఆయాసమాయె" అన్నాను.

"గందుకే ఇప్పుడు పోవాలె. కొత్త చెప్పులు దే. తోలువి. నడుస్తుంటే కిర్రుమనాలె."

తెచ్చాను. తొడిగితే నిజంగానే కిర్రుమన్నాయి. మంచం మీద కూర్చుని కాళ్లు ఆడిస్తూ ఆ చప్పుడు విని చిన్నపిల్లాడిలా నవ్వాడు.

మా వాడకట్టులోని షాదాబ్ ఆటో మాట్లాడాను. సిలిండర్ సంచి నా భుజానికి తగిలించుకున్నాను. చిన్నకోడూరు దాటాక రోడ్డంతా గుంతలే. "కాకీ, కాకను గట్టిగ పట్టుకో. గుంతలు నాకు యాదికున్నయ్ గని నా ఆటోకు లేవు" అని షాదాబ్ నవ్వించాడు. మీ తమ్ముడు నవ్వబోయి దగ్గాడు.

గడి గేటు దగ్గర దిగాడు. వదినె, ఆ గేటు నుంచి మెట్ల దాకా ఆయన చెప్పులతో నడిచాడు. నాలుగడుగులు వేయడం, నిలబడి ఊపిరి తీసుకోవడం, మళ్లీ నడవడం. కంకర మీద చెప్పుల కిర్రు వినబడలేదు. లోపల బండల మీద వినబడుతుందిలే అన్నాడు.

మెట్ల దగ్గర చెప్పుల గూళ్లు ఉన్నాయి. వాటి ముందు స్టూలు మీద యాదవ్వ అనే ఆమె కూర్చుని ఉంది, మన ఊరామెనే.

"చెప్పులు గీడ ఇడువుండ్రి అన్నా."

మీ తమ్ముడికి అర్థం కాలేదు. "ఎందుకు?"

"బండలకు కొత్తగ పాలిష్ పెట్టిన్రు. గీతలు పడుతున్నయట. ఎవలకైనా గంతే. మొన్న దొరల మనుమడే వచ్చిండు. ఆయన బూట్లు గూడ గీ గూట్లెనే పెట్టిచ్చిన."

"ఆయన ఇడిస్తే ఏంగాదు యాదవ్వా. మేము ఇడిసీ ఇడిసీ ఉన్నోళ్లం."

"నా నౌకరీ పోతది అన్నా. పైకెల్లి కెమెరా చూస్తుంది."

ఆమె దురుసుగా అనలేదు. దురుసుగా అంటే కొట్లాడేవాడేమో. నా దిక్కు చూశాడు. విప్పాలంటే నేనే కూర్చుని విప్పాలి, ఆయన వంగలేడు. వంగబోయాను. నా భుజం పట్టి ఆపాడు.

"వద్దు. నువ్వు పోయి చూసిరా. టికెట్ కొన్నం గద. నేను తోటల కూసుంట."

బెంచీ మీద కూర్చోబెట్టి, సిలిండర్ పక్కన పెట్టి లోపలికి వెళ్లాను. ఆయన వెళ్లమన్నాడు గనక వెళ్లాను, నాకేమీ చూడాలని లేదు. అద్దాల గది, ఊయల బల్ల, పులి తోలు, వెండి హుక్కా. బండలు నున్నగా, చల్లగా ఉన్నాయి. మేడ మీద తోటవైపు ముందుకు పొడుచుకొచ్చిన కిటికీ ఉంది. అక్కడ కూర్చుని దొరలు తోట చూసేవారట, పక్కన బోర్డు మీద రాసి ఉంది. నేనూ చూశాను. మామయ్య పెంచిన మల్లె పందిరి లేదు. దానిమ్మలు లేవు. గులాబీ మళ్లన్నీ ఒకే గడ్డి అయిపోయాయి. గడ్డి మీద పెళ్లి చేసుకోబోయే జంట ఫొటోలు దిగుతోంది. ఆ చివర బెంచీ, బెంచీ మీద ఒక నడినెత్తి, ముక్కుకు తెల్లటి గొట్టం. అంత ఎత్తు నుంచి మనిషి మొహం కనబడదు వదినె. దొరలు మామయ్య మొహం ఎన్నడైనా చూశారో లేదో.

ఇంట్లో పక్కనే ఉండి తుడిచి, తినిపించి, మందులు వేస్తుంటే నాకు తెలియలేదు. అక్కడి నుంచి చూస్తేనే ఎంత చిన్నగా అయిపోయాడో తెలిసింది.

అంతలో ఫొటోల వాళ్లు గులాబీ రంగు పొగడబ్బా వెలిగించారు. గాలి బెంచీ దిక్కు ఉంది. నేను పరుగున దిగేసరికి ఆయన రెండు చేతులతో బెంచీ పట్టుకుని వంగిపోయి ఉన్నాడు. పొగడబ్బా పట్టుకున్న పిల్ల ఏడుపు మొహంతో "సారీ అంకుల్" అంటోంది. సిలిండర్ గాలి పెంచి, వీపు నిమిరి, మనిషి తేరుకునేసరికి చాలాసేపు పట్టింది.

చెప్పులు ఎప్పుడు జారవిడిచాడో, బెంచీ కింద ఉన్నాయి. ఈ మధ్య కూర్చుంటే చాలు పాదాలు ఉబ్బుతున్నాయి. తొడగబోయాను. ఎక్కలేదు. ఇంకోసారి చూశాను. పట్టీ కోసుకుని పాదం కందింది.

"చాలు తియ్యి. చేతిల పట్టుకో" అన్నాడు.

అట్లా వచ్చాం వదినె. ఆయన ఉత్త కాళ్లతో కంకర మీద, నేను ఒక చేత్తో ఆయన్ని, ఇంకో చేత్తో ఆయన చెప్పుల్ని పట్టుకుని. గేటు బయట షాదాబ్ చూసి, "ఏంది కాకా, కొత్త చెప్పులు చేతిలేంది?" అన్నాడు.

"మా నాయిన గిట్లనే వస్తుండెరా" అన్నాడు మీ తమ్ముడు.

ఇక మీ ప్రశ్నకు జవాబు. పోయిన రెండు ఉత్తరాల్లోనూ నయమవుతోందని రాశాను. అది అబద్ధం. వానలు మొదలైనప్పుడు హైదరాబాదు డాక్టరు నన్ను పక్కకు పిలిచి, ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయి, దీనికి మందు లేదు, ఇంటికి తీసుకెళ్లి సుఖంగా చూసుకోండి అన్నాడు. ఆ మాట నేను మైత్రికీ చెప్పలేదు. మీకు నయమని రాసినప్పుడల్లా, ఆ వాక్యం రాసినంతసేపు నాకు కొంచెం నిబ్బరంగా ఉండేది. ఆయనకు తెలియదనుకున్నాను. ఆదివారం సాయంత్రం మంచం మీద పడుకోబెడుతుంటే తనే అన్నాడు: "అక్కకు నిజం రాయి. పెత్రమాస దాక ఆగద్దను. గప్పటికి నేనుండ."

కాబట్టి పండుగకు రాకండి వదినె. ఉత్తరం అందిన రోజే బయలుదేరండి. పట్టుచీరలు, పసుపు కుంకుమలు ఏమీ సర్దుకోకండి. మీరు వచ్చినా నయం కాదు. నేను ఏ ఆశా చెప్పడం లేదు. మాట్లాడే శక్తి ఉండగా మిమ్మల్ని అక్కా అని పిలవాలనుకుంటున్నాడు. మీకు వినబడకపోయినా, పెదవులు చూస్తారు కదా.

ఇవాళ పొద్దున నేను లెక్కలు రాసుకుంటుంటే పిలిచి, "నాయిన బాకీ తీరిందని రాస్కో" అన్నాడు.

"ఎక్కడ తీరింది? మెట్లెక్కకపోతివి."

"తీర్సెటోడు లేకపోతె ఇంక బాకీ ఎక్కడిది? రాస్కో."

ఆయన చూస్తుండగానే రాశాను: మామయ్య బాకీ తీరింది.

ఇట్లు,
మీ మరదలు
సులోచన